వలసల సీమలో ఊరి బడి

కొడంగల్: కంది కోతలు ముగిసే నాటికి కొడంగల్ ప్రాంతంలోని పల్లెల్లో, తండాల్లో కొన్ని ఇళ్లకు తాళాలు పడటం ఏటా కనిపించే దృశ్యం. పెద్దలు ముంబయి, పుణె, హైదరాబాద్ నగరాలకు కూలి పనులకు బయలుదేరుతారు. పిల్లల్లో కొందరు అవ్వాతాతల వద్ద ఉండిపోతారు. మరికొందరు తల్లిదండ్రుల వెంటే మూటాముల్లెతో బస్సెక్కుతారు. అలా వెళ్లిన వారి పేర్లు బడి హాజరు పట్టికలో ఉంటాయి. వారు మాత్రం ఏ భవన నిర్మాణ స్థలంలోనో ఇసుక కుప్పల మధ్య ఉంటారు. ఈ ప్రాంతంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఎలా నడుస్తుందో, ఎక్కడ తడబడుతుందో అర్థం కావాలంటే ముందుగా ఈ సంగతి తెలియాలి.

కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో అవి ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లా పరిధిలోకి వచ్చింది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల విభజనలో కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ మండలాలను వికారాబాద్ జిల్లాలో కలిపారు. ఇదే నియోజకవర్గంలోని కోస్గి, మద్దూరు మండలాలు ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్నాయి. జిల్లాలు మారినా చదువులో వెనుకబాటు మాత్రం పాతదే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. నాటి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అదే అట్టడుగు. అంటే నేడు ఒకటో తరగతిలో చేరే పిల్లల్లో చాలామందికి ఇంట్లో పుస్తకం తెరిచి చూపే అవ్వగానీ తాతగానీ ఉండరన్న మాట. వారికి బడిలో చెప్పిందే చదువు.

ఇద్దరు గురువులు.. అయిదు తరగతులు

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు అయిదుగురు అవసరం. ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 గంటల బోధన జరగాలి. లెక్క చక్కగానే ఉంది. చిక్కంతా చిన్న బడులతోనే. తరగతులు అయిదు, ఉపాధ్యాయులు ఇద్దరు. వారిలో ఒకరు సమావేశానికో, ఎన్నికల విధులకో, సర్వేకో వెళ్తే మిగిలిన ఒక్కరే అయిదు తరగతులనూ చూసుకోవాలి. ఒకటి, రెండు తరగతుల వారిని ఒకచోట, మూడు నుంచి అయిదు వరకు మరోచోట కూర్చోబెట్టి, ఒకరికి రాత పని ఇచ్చి మరొకరికి పాఠం చెప్పడం ఇక్కడి ఉపాధ్యాయులకు నిత్యకృత్యం. దీనిని బహుళ తరగతి బోధన అంటారు. పేరు ఎంత గంభీరంగా ఉన్నా, పాఠం సగంలో ఉండగా వెనుక వరుసలో పిల్లలు పలకల కోసం కొట్లాడుకుంటే ఆ పాఠం అక్కడితో ఆగుతుంది.

పిల్లలు తగ్గితే ఉపాధ్యాయులను సర్దుబాటు పేరుతో వేరే బడికి పంపుతారు. ఉపాధ్యాయుడు తగ్గాడని మరికొందరు తల్లిదండ్రులు పిల్లలను ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తారు. ఈ రెండూ ఒకదానినొకటి లాక్కుంటూ పోయి చివరకు బడి మూతపడే స్థితి వస్తుంది. 2024 డీఎస్సీ ద్వారా రాష్ట్రంలో 11,062 ఉపాధ్యాయ పోస్టుల భర్తీకి ప్రకటన వెలువడింది. వాటిలో 6,508 ప్రాథమిక స్థాయిలో బోధించే సెకండరీ గ్రేడ్ టీచర్లవే. అదే ఏడాది అక్టోబరులో ఎంపికైన వారికి నియామక పత్రాలు అందాయి. పోస్టు భర్తీ అయినంత మాత్రాన ఆ ఉపాధ్యాయుడు మారుమూల తండాలోనే నిలబడతాడన్న భరోసా లేదు. బదిలీల కాలం రాగానే రహదారి పక్కన ఉన్న బడులకే గిరాకీ.

బోధనాంశాల విషయానికి వస్తే, ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఆంగ్లం, గణితం ఉంటాయి. మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం చేరుతుంది. ఏడాదిలో నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు జరుగుతాయి. 2022 ఆగస్టు 15న మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ఉద్దేశం వీటికి భిన్నమైనది. తరగతి ఏదైనా సరే, ప్రతి బిడ్డా ధారాళంగా చదవాలి, రాయాలి, కూడికలు తీసివేతలు గుణకారాలు భాగహారాలు చేయాలి. నాలుగో తరగతి పిల్లవాడికి అక్షరాలే రాకపోతే నాలుగో తరగతి పాఠం చెప్పి ప్రయోజనం లేదు, అతని స్థాయి నుంచే మొదలుపెట్టాలన్నది దీని సారం. పాఠ్యపుస్తకాన్ని పూర్తి చేయడానికి అలవాటుపడిన వ్యవస్థకు ఇది పెద్ద మార్పే.

2025 ఫిబ్రవరిలో కృత్రిమ మేధ సాయంతో చదవడం, లెక్కలు నేర్పే కార్యక్రమాన్ని ఆరు జిల్లాల్లోని కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో ప్రయోగాత్మకంగా చేపట్టారు. వాటిలో వికారాబాద్, నారాయణపేట కూడా ఉన్నాయి. పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చుని తన వేగంతో తాను సాధన చేస్తాడు. వెనుకబడిన వారికి ఇది మేలు చేయవచ్చు. అయితే దీనికి కరెంటు, ఇంటర్నెట్ రెండూ నిలకడగా ఉండాలి.

ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి

కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసిమెలిసి వినిపిస్తాయి. తండాల్లో లంబాడీ మాట్లాడతారు. తండా నుంచి వచ్చిన ఆరేళ్ల బిడ్డకు బడిలో వినే తెలుగే పరాయి భాష. దానిపై 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం వచ్చింది. పాఠ్యపుస్తకాలను ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఆంగ్లంలో ఉండేలా ముద్రించారు. తల్లిదండ్రులు ఆంగ్ల మాధ్యమాన్ని కోరుకున్నారన్నది వాస్తవం. వ్యాను బడులతో పోటీపడాలంటే అది తప్పదన్న వాదనలోనూ నిజముంది. కానీ ఆ బిడ్డ ఒకేసారి రెండు కొత్త భాషలు దాటాలి.

ఈ సమస్యకు ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఒక ప్రయత్నం జరిగింది. సవర, కోయ, గోండి, కొలామి, బంజారా తదితర ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి, ఇంటి భాషతో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి నడిపించారు. ఇప్పుడు తండా బడుల్లో ఆ భారం ఉపాధ్యాయుల చొరవపైనే పడింది. నాలుగు లంబాడీ మాటలు నేర్చుకున్న ఉపాధ్యాయుని తరగతిలో మొదటి నెలలోనే పిల్లలు నోరు విప్పుతారు. నేర్చుకోని చోట సంక్రాంతి దాకా మౌనమే.

పొయ్యి వెలిగితేనే హాజరు

ప్రభుత్వ బడుల్లో వండి వడ్డించే మధ్యాహ్న భోజనం ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో ప్రారంభమైంది. ప్రాథమిక స్థాయిలో పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నిబంధన. తెలంగాణలో 2015 నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. వారంలో కొన్ని రోజులు కోడిగుడ్డు ఉంటుంది. పప్పు, కూరగాయలు, నూనె, గ్యాసు ఖర్చుల కింద కేంద్రం నిర్ణయించిన ధర 2025 మే 1 నుంచి ప్రాథమిక స్థాయిలో పిల్లవాడికి రోజుకు రూ.6.78. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పప్పు పండే సీమలో బడి గిన్నెలో పప్పు చిక్కగా ఉండాలంటే ఈ ధర ఏ మూలకూ చాలదని కిరాణా దుకాణానికి వెళ్లే ఎవరికైనా తెలుస్తుంది.

వంట చేసేది ఊరి మహిళలే. 25 మంది పిల్లల వరకు ఒకరు, 100 వరకు ఇద్దరు వంటవారు ఉంటారు. కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో దానిని మూడు వేలకు పెంచింది. బిల్లులు ఆలస్యమైతే దుకాణంలో అప్పు తెచ్చి పొయ్యి వెలిగించేది వీరే. పొద్దున్నే చేనుకు పోయే తల్లి ఉన్న ఇంట్లో బిడ్డ తినే తొలి పూర్తి భోజనం చాలాసార్లు బడిదే. పొయ్యి వెలగని రోజున హాజరు ఎలా పడిపోతుందో ఉపాధ్యాయులందరికీ తెలుసు.

బడి బాగోగులు చూసే కమిటీ

2024లో ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పాటు చేసింది. గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు దీనికి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్నచిన్న మరమ్మతులు ఈ కమిటీ ద్వారానే జరుగుతాయి. ఏకరూప దుస్తులు కుట్టే పని కూడా మహిళా సంఘాలకే దక్కింది. పారిశుద్ధ్యం కోసం పిల్లల సంఖ్యను బట్టి నెలకు రూ.3 వేల నుంచి రూ.20 వేల వరకు నిధులు ఇచ్చేలా అదే ఏడాది ఉత్తర్వులు వచ్చాయి. మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే ఆ సొమ్ము ఏమైందని కమిటీని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

బడితో ఊరికి ఉండే అనుబంధం కమిటీతోనే ఆగదు. జెండా పండుగ నాడు పిల్లల ఆటపాటలు చూసేందుకు ఊరంతా బడి ఆవరణకు చేరుతుంది. దసరా సెలవులకు ముందు బడిలోనే బతుకమ్మ ఆడతారు. పట్నంలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు ఫ్యానో, మైకుసెట్టో, పళ్లేలో ఇచ్చి వెళ్తుంటారు. నిత్యం ప్రార్థన సమయంలో పిల్లలు చేసే ప్రతిజ్ఞ నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాసినదని చెబితే పెద్దలే ఆశ్చర్యపోతారు.

వలస వెళ్లేవారు తెలుసుకోవాల్సినవి

జూన్‌లో జరిగే బడిబాటలో ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి పిల్లలను చేర్చుకుంటారు. అసలు పరీక్ష జనవరిలో మొదలవుతుంది. విద్యాహక్కు చట్టంలోని అయిదో సెక్షన్ ప్రకారం పిల్లవాడు వేరే ఊరికి, వేరే రాష్ట్రానికి వెళ్లినా అక్కడి ప్రభుత్వ బడిలో చేరవచ్చు. బదిలీ ధ్రువపత్రాన్ని పాత బడి ప్రధానోపాధ్యాయుడు వెంటనే ఇవ్వాలి. ఆ పత్రం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదు. పుట్టిన తేదీ పత్రం లేదన్న కారణంతోనూ తిప్పి పంపరాదు. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే. చదువు మధ్యలో ఆగిన వారిని వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, వెనుకబడిన మేరకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షన్ చెబుతోంది. ముంబయి మహానగర పాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోందన్న విషయం అక్కడికి వెళ్లే కుటుంబాల్లో చాలామందికి తెలియదు.

పిల్లలను ఊళ్లోనే ఉంచి వెళ్లాలనుకునే వారి కోసం మహబూబ్‌నగర్ జిల్లాలో సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు నడిపారు. వలస కాలంలో బడి ఆవరణలోనే పిల్లలకు రాత్రి బస, భోజనం కల్పించి, పెద్దలు తిరిగొచ్చాక అప్పగించేవారు. అటువంటి ఏర్పాటు తమ ఊరికి కావాలనుకునే తల్లిదండ్రులు కందికోతల వరకు ఆగకుండా దసరా సెలవులు ముగిసేలోగానే, వలస వెళ్లే కుటుంబాల పిల్లల పేర్లతో మండల విద్యాధికారికి కమిటీ ద్వారా అర్జీ ఇవ్వాలి. పేర్లు, తరగతులు, పిల్లలను చూసుకునే బంధువుల వివరాలు అందులో ఉంటే పని త్వరగా కదులుతుంది.