మందు ఆకు అడుగున ఎందుకు కొట్టాలి?

పాలీహౌస్‌లో క్యాప్సికం ఆకుపై పసుపు మచ్చ కనిపిస్తే ఆకు తిప్పి చూడండి. అడుగున పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే అది బూడిద తెగులే. చాలా మొక్కల్లో ఈ తెగులు ఆకు పైపైనే పాకుతుంది. క్యాప్సికంకు వచ్చే శిలీంధ్రం మాత్రం ఆకు లోపల పెరిగి, పత్రరంధ్రాల గుండా బయటికొచ్చి సిద్ధబీజాలు వదులుతుంది. గాలి వాటిని పక్క మొక్కలకు చేరుస్తుంది. పైన కప్పు ఉంది కదా, వాన కడిగేయదు!

తెల్లటి పొడి ఆకు అడుగునే ఉంటుంది, అందుకే స్ప్రేయర్ నాజిల్‌ను పైకి తిప్పి, అడుగుభాగం తడిసేలా కొడతారు. నీటిలో కరిగే గంధకాన్ని లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలుపుతారు. లోపలికి దూరిన శిలీంధ్రాన్ని గంధకం అందుకోలేదు, కాబట్టి మొదటి మచ్చకే మేలుకోవాలి. ఎండ ముదిరాక కొడితే ఆకులు మాడతాయి. మూసిన చోట మందు గాలిలోనే నిలుస్తుంది. మాస్కు, గ్లవ్స్ లేకుండా పెద్దలు కూడా అడుగు పెట్టకూడదు, పిల్లలైతే అసలే వద్దు.