ఎద్దుకు పన్నెండు నెలలు, చూడవచ్చినవారికి ఒక్క గంట

మొన్న ఎండాకాలంలో సంఘం పనిమీద బెంగళూరు దారిన పోతూ మేము ఒక విడిది ముందు ఆగినాము. పట్నం వాళ్ళకు పల్లెటూరు చూపించే విడిది అది. పూరికొట్టాలు, రోలు రోకలి, గిలకబావి అన్నీ పెట్టినారు. జత ఎద్దులు కట్టిన బండి కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం. బండిమీద ఏడుగురు పెద్దవాళ్ళు ఎక్కి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎద్దుల నోట నురగ కారుతోంది.

తోలే మనిషిని పలకరిస్తే మన ఓబులదేవరచెరువు పక్క పల్లెవాడే. ఎద్దులు అతనివే. ఊళ్ళో మేత లేక, వాటిని అమ్ముకోలేక, వాటితో సహా వలస పోయినాడు. "పొద్దున ఎనిమిదికి కట్టినా అన్నా. నీళ్ళు తాపేదానికి కూడా ఇడ్సరు. ఈళ్ళు దిగుతానే ఇంగొకరు ఎక్కుతారు" అన్నాడు. కూలి సంగతి అడిగితే, "శని, ఆదివారాలకే ఇస్తారు. తక్కిన దినాలు నా పాటు నాది, ఎద్దుల పాటు ఎద్దులది" అన్నాడు.

ఈ ఒక్క మాటలో సమస్య అంతా ఉంది. బండెక్కినవాడు ఎద్దును ఒక గంట చూస్తాడు. దాన్ని మేపేవాడు పన్నెండు నెలలు చూడాలి.

ఎద్దు ఏడాది

మన వైపు ఎద్దు బతుకు వానతో ముడిపడినది. ఏరువాక పున్నమికి మడకకు పసుపు కుంకుమ పెడతాము. తొలి వాన పడితే దుక్కి, ఆ వెనక గుంటక, పదును దొరికితే గొర్రు. శెనక్కాయ విత్తే ఆ నాలుగు దినాలే ఎద్దుకు అన్నిటికంటే గడ్డుకాలం. పదును ఆరితే విత్తనం మొలవదు. అందుకని చుక్క పొడిచేటప్పుడు కట్టిన కాడి మళ్ళీ చుక్క పొడిచేదాకా దిగదు. గొర్రు వెంబడి గింజలు పోసుకుంటూ నడిచే ఆడకూలీకీ అంతే. ఎద్దు నిలబడితేనే ఆమెకూ నిలబడే వీలు.

పైరు మొలిచినాక సాళ్ళ నడుమ గుంటక తోలుతారు. ఊడలు దిగినాక ఆ పనీ ఆపాలి, లేకుంటే కాయ దెబ్బతింటుంది. అప్పుడు ఎద్దుకు కాస్త విశ్రాంతి. శ్రావణ భాద్రపదాల్లో వాన బాగుంటే గట్ల మీద పచ్చిగడ్డి దొరుకుతుంది, డొక్కలు నిండుతాయి. పంట పీకినాక కట్టె తోలి వామి వేస్తారు. ఆ వామే రేపటి ఎండాకాలానికి ఎద్దు ప్రాణం. వాన ఎగనామం పెడితే గింజతోపాటు కట్టె కూడా పోతుంది. కరువు మనిషినీ ఎద్దునూ ఒకే దెబ్బకు కొడుతుంది.

సంక్రాంతికి కనుమనాడు కొమ్ములకు రంగులు, మెడకు గంటలు. ఆ ఒక్కదినం ఎద్దు దేవుడు. ఆ రోజుల్లోనే దొడ్డబళ్ళాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్యం పరస జరుగుతుంది. హళ్ళికార్ జాతి జతల కోసం సరిహద్దుకు ఇటువైపు నుంచి కూడా రైతులు పోతారు. ఆ తర్వాత ఎరువు తోలడం, చెరువుమట్టి తోలడం. ఉగాది దాటితే పనీ లేదు, మేతా లేదు. ఏడాదిలో ఎద్దు బక్కచిక్కేది అప్పుడే. తక్కువ ధరకు అమ్ముడుపోయేదీ అప్పుడే.

మూడోఏట కాడి మెడకెత్తుకున్న కోడె పదేండ్లు దాటేదాకా చాకిరి చేస్తుంది. ఆ చాకిరి వెనక ఇంకొకరి చాకిరి ఉంది. మాలో కొందరి తండ్రులు జీతాలున్నవాళ్ళే. తెల్లవారుజామున లేచి పేడ తీసి, కుడితి పెట్టి, ఎద్దుల తర్వాత తాము సద్ది తిన్నారు. ఎద్దు కాలికి ముల్లు గుచ్చుకుంటే యజమాని కేక వేసేవాడు. జీతగాని కాలికి గుచ్చుకుంటే అడిగే దిక్కు లేదు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన గాడిపాట్లో పడుకునే బతుకు మరునాడే మారలేదు.

మంచుదేశంలోనూ ఇదే కథ

ఇది మన ఊరి గొడవ ఒక్కటే అనుకోవద్దు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తరపు కొసన సామీ అనే జనం రెయిన్‌డీర్ అనే మంచుజింకలను మేపుకుని బతుకుతారు. మన ఎద్దులాగే బండి లాగే మగదాన్ని విత్తులు తీసి సాధువు చేస్తారు. మే నెల ప్రాంతంలో ఈతలు, వేసవిలో పిల్లల చెవులకు గుర్తులు కోయడం, చలికాలం ముందు మందలను కూడగట్టి వేరుచేయడం, చలికాలమంతా మంచును గిట్టలతో తవ్వుకుని అడుగున ఉన్న పాచి మేయడం. ఇదీ వాటి ఏడాది.

క్రిస్మస్ వచ్చిందంటే దేశదేశాల నుంచి జనం వచ్చి ఆ జింకలు లాగే చక్రాలు లేని బండ్లెక్కుతారు. ఆ డబ్బు కొన్ని కుటుంబాలకు ఆసరా అన్నది నిజం. అయితే ఈమధ్య చలికాలంలో మంచుమీద వాన పడి గడ్డకడుతోంది. ఆ పెంకును జింక గిట్ట పగలగొట్టలేదు. మేత కళ్ళముందే ఉండి నోటికందదు. మనకు వాన రాక కరువు, వారికి వాన వచ్చి కరువు. బండెక్కి నవ్వుకుంటూ పోయినవానికి ఈ సంగతి తెలియదు.

చట్టం ఏమంటోంది?

బండిలాగే పశువుల గురించి 1965లోనే కేంద్రం నియమాలు చేసింది. దినానికి మొత్తం తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. ఐదు గంటలకు మించి ఏకబిగిన తోలరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కట్టరాదు. తోలేవాడు, ఆరేండ్లలోపు పిల్లలు కాక బండిమీద నలుగురికి మించి ఎక్కరాదు. ముల్లుకర్ర వాడరాదు. మేము చూసిన బండిమీద ఏడుగురున్నారు, అదీ నడిమధ్యాహ్నం. నియమం పుట్టి అరవై ఏండ్లయింది. దాన్ని విడిది గోడమీద రాసిపెట్టినవాడు మాకు కనబడలేదు.

2011లో కేంద్ర పర్యావరణ శాఖ ఎద్దును ప్రదర్శనలకు వాడరాని జంతువుల జాబితాలో చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను తప్పుపట్టింది. ఆకలి, దప్పి, నొప్పి, భయం లేకుండా బతికే హక్కు పశువుకూ ఉందన్నది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకున్నాయి. 2023 మే 18న అదే కోర్టు ఆ సవరణలు చెల్లుతాయన్నది. పందేలవాళ్ళకు వకీళ్ళున్నారు, ప్రభుత్వాలున్నాయి. ధనుర్మాసంలో ఇంటింటికీ తిరిగే గంగిరెద్దులవానికి ఎవరున్నారు? తాను తినకున్నా బసవన్నకు పెట్టేవాడతను. చట్టం పేరు చెప్పి అతన్ని అదిలించడం సులభం, విడిది యజమానిని నిలదీయడం కష్టం.

కూలీలకెందుకీ గొడవ?

మనుషులకే కూలి గిట్టుబాటు లేదు, ఎద్దుల మాట మనకెందుకని మన సంఘంలోనే కొందరు మిత్రులు అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. ఎద్దును నడిమధ్యాహ్నం కట్టినవాడు తోలేవాణ్ణీ ఆ ఎండలోనే నిలబెడతాడు. ఎద్దుకు నీళ్ళివ్వనివాడు కూలికి నీడ ఇవ్వడు. ఎద్దుకు తొమ్మిది గంటలని కాగితమ్మీదైనా లెక్క ఉంది. తోలేవాని గంటలు ఎవరు లెక్కపెడుతున్నారు?

లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఒకే రాతిలో చెక్కిన ఆ నందిని చూడటానికి, పుట్టపర్తికీ, పెనుకొండ కోటకూ వచ్చే జనం ఇంకా పెరుగుతారు. రేపు మన ఊళ్ళ దారిన కూడా బండ్లు కడతారు. రాతినందికి మేత అక్కరలేదు. ప్రాణమున్న ఎద్దుకు కావాలి. కట్టవద్దని మేము అనడం లేదు. ట్రాక్టర్లు వచ్చి కాడి మూలపడిన కాలంలో నాలుగు జతలు నిలబడేందుకు అదీ ఒక దారే కావచ్చు. షరతులు మాత్రం మొదటే తేల్చుకోవాలి.

1965 నియమాలు బండి దగ్గరే తెలుగులో రాసిపెట్టాలి. నీడ, నీళ్ళతొట్టి ఉండాలి. తోలేవానికి జనం వచ్చిన దినాలకే కాక నెలకింతని జీతం కట్టాలి. టికెట్టు డబ్బులో ఒక భాగం ఎండాకాలపు మేతకూ, ముసలి ఎద్దు పోషణకూ పక్కన పెట్టాలి. గడ్డి కోసి తెచ్చే ఆడకూలీకి ఆ లెక్కలోనే కూలి రాయాలి. కరువు మండలాల్లో ప్రభుత్వం మేత కేంద్రాలను ఉగాదికి ముందే తెరవాలి. ఎద్దులు సంతకు పోయినాక తెరిచి లాభం లేదు.

వచ్చే గ్రామసభలో ఈ మాటలు అడుగుదాం. ఆ తోలే మనిషి సోమవారం నాడు ఎద్దులకు ఏం వేస్తున్నాడో ముందు అది అడుగుదాం.