పాత ఇంటి రంగులో సీసము

1892వ సంవత్సర ప్రాంతమున ఆస్ట్రేలియా దేశమందలి బ్రిస్‌బేన్ నగరమున కొందరు బిడ్డలకు ఒక వింత వ్యాధి సోకినది. కడుపునొప్పి, మలబద్ధము, కాళ్లు చేతులు పట్టు తప్పుట, మరికొందరికి చూపు మందగించుట దాని లక్షణములు. ఇది సీసపు విషమని జెఫరిస్ టర్నర్ మొదలగు వైద్యులు గుర్తించిరి. కాని గనులలోను కార్ఖానాలలోను పనిచేయువారికి రావలసిన జబ్బు ఊయలలోని పసివానికేల వచ్చినది? 1904లో లాక్‌హార్ట్ గిబ్సన్ అను నేత్రవైద్యుడు దీనికి సమాధానము చెప్పెను. ఆ నగరమున ఇండ్లకు వసారాలు, వాని చుట్టును కొయ్య కటకటాలు ఉండెడివి. వానికి పూసిన సీసపు రంగు ఎండకు పొడియై, ఆడుకొను బిడ్డల చేతులకంటుచున్నది. ఆ వ్రేళ్లు నోటిలోనికి పోవుచున్నవి. అంతే!

క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము 1922లో పిల్లలకందు చోట్ల అట్టి రంగును నిషేధించినది. అమెరికాలో ఇండ్లకు వేయు రంగుల విషయమున ఇట్టి నిషేధము 1978లో గాని రాలేదు. మన దేశమున 2016లో నియమములు వెలువడినవి. 2017 నవంబరు నుండి పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించి సీసము గల ఇంటి రంగులను తయారుచేయుట నిషిద్ధమైనది. కావున అంతకు ముందు నూనెరంగు వేసిన ఏ ఇంటినైనను కొంత శంకతో చూచుట యుక్తము.

శంకించుట యనగా ఇల్లంతయు విషమని బెదరుట కాదు. సున్నము కొట్టిన గోడతో ఈ చిక్కు లేదు. చూడవలసినవి తలుపులు, కిటికీ రెక్కలు, ఇనుప ఊచలు, గేటు, ఉయ్యాలబల్ల. తెల్లరంగులకు వెనుక సఫేదా యను తెల్ల సీసమును, ఇనుముపై తుప్పు పట్టకుండుటకు సీస సిందూరమును వాడెడివారు. నూనెరంగులలో పసుపు, నారింజ, ఎరుపు వన్నెలందే తరచుగా సీసము హెచ్చు. మన గడప సంగతి ఇచ్చట తలచుకొనవలెను. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టుటకు బదులు అనేక గృహములలో పసుపు ఎనామెలు వేసి, ఎర్రరంగుతో బొట్లు దిద్దుచున్నారు. అందరును త్రొక్కు చోటు అదియే, ప్రాకు బిడ్డ పట్టుకొని లేచు చోటును అదియే. పసుపుకొమ్ము అరగదీసిన పెద్దలు ఈ విషయమున మనకంటె సుఖముగా నుండిరని నా అభిప్రాయము.

మ్రింగిన సీసములో పెద్దల శరీరము గ్రహించుదానికి నాలుగైదు రెట్లు బిడ్డల శరీరము గ్రహించును. అది ఎదుగుచున్న మెదడును దెబ్బతీయును. జ్వరము రాదు, దద్దురు లేవదు. బిడ్డ చదువులో వెనుకబడును, నిలుకడ లేక తిరుగును. తల్లిదండ్రులు దానిని అల్లరి యనుకొందురు. హాని లేని మోతాదు ఇది యని చెప్పదగినదేదియు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఇక పరీక్ష సంగతి. కంటితో చూచి సీసమును కనిపెట్టుట అసాధ్యము. దుకాణములలో దొరకు పరీక్షపుల్లలు కొన్ని సీసము తగిలినచో గులాబి లేక ఎర్ర వన్నెకు, సోడియం సల్ఫైడు ద్రావకము నలుపునకు మారును. ఇవి చౌక, కాని నమ్మకము తక్కువ. పై పూతను మాత్రమే తుడిచినచో అడుగున నున్న నాలుగు పాత పూతలు తప్పించుకొనును. ముదురు రంగుపై నలుపు కనబడదు. కనుక 'లేదు' అను ఫలితమును చూచి నిశ్చింతగా నుండరాదు. చేతిలో పట్టు ఎక్స్-కిరణ యంత్రము రంగును గీయకుండగనే లోపలి పూతలను సైతము కొలుచును. అది నిపుణుని చేతి పని. మూడవది ప్రయోగశాల. కొయ్య కనబడువరకు అన్ని పూతలు కలిసి వచ్చునట్లు చిన్న పెచ్చు తీసి పంపవలెను. పెచ్చు తీయు చోటును ముందుగా తడుపుట, తరువాత తడిగుడ్డతో తుడుచుట మరువరాదు. రంగు చెక్కుచెదరక యున్నను కిటికీ రెక్కల రాపిడికి దుమ్ము రాలవచ్చును. అందుచే నేలపైని, కిటికీ గట్టుపైని కొలిచిన చోటును తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పరీక్షింపజేయుదురు. నా దృష్టిలో బిడ్డలున్న ఇంటికి దీనికి మించిన ప్రశ్న లేదు, ఏలయన బిడ్డ తినునది గోడను కాదు, దుమ్మును.

అపాయము మిక్కుటమగునది సంక్రాంతికో పెండ్లికో ఇల్లు సింగారించునపుడు. పనివారు గరుకు కాగితముతో పొడిగా రుద్దుదురు, మంటతో పాతరంగు నూడదీయుదురు. నెమ్మదిగా పడియున్న సీసము ఇల్లెల్ల పరచుకొనును. తడిపి గీయుమని వారికి చెప్పవలెను. వారి రక్షణకును అదియే మార్గము. పని ముగియువరకు గర్భిణులను, పిల్లలను వేరొకచోట నుంచవలెను. ఆ దుమ్మును చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో ఎత్తవలెను. పెచ్చులు లేవని పాతరంగును గీకకుండ, దానిపై మంచి పూత వేసి యుంచుట అనేక పర్యాయములు మేలు.

పరీక్షలో సీసము తేలినచో బిడ్డకు రక్తపరీక్ష చేయింపుడు. డెసిలీటరు రక్తములో 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించి గాని యున్నచో మూలమును వెదకి తొలగింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. వ్రేలు గ్రుచ్చి తీసిన రక్తములో చర్మముపైని దుమ్ము కలియవచ్చును గనుక, ఎక్కువ యని వచ్చినపుడు సిరనుండి తీసిన రక్తముతో మరల చూడవలసి యుండును.