క్రొత్త యిల్లు - పసిపిల్లలు - పంచాయతీ

ఇల్లు కట్టి చూడుమని, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పిరి. కాని ఇల్లు కట్టుట ముగిసిన పిదపనే మొదలగు పని యొకటి కలదు. పసిపిల్లలతో ఆ యింటిలో కుదురుకొనుటయే ఆ పని. గోడలు లేచి కప్పు పడిన నాటితో కట్టడపు లెక్క తీరిపోవును. ఆ గోడల నడుమ పిల్లలు ఆరోగ్యముగా, నిర్భయముగా పెరుగుట మరియొక లెక్క. అందులో గృహస్థునకు ఎంత పాలు కలదో గ్రామ పంచాయతీకిని అంత పాలు కలదు.

బుచ్చయ్యపేట మండలము 2022 ఏప్రిల్ 4వ తేదీన విశాఖపట్టణము జిల్లా నుండి విడివడిన అనకాపల్లి జిల్లాలోనిది. వరియు చెరకును పండించు పల్లెల సీమ. ఇచ్చటను, రాష్ట్రమందలి ఇతర గ్రామములందును ఇటీవలి సంవత్సరములలో అనేక కుటుంబములు పాకల నుండియు, ఉమ్మడి యిండ్ల నుండియు వేరు కాపురములకు తరలినవి. కొన్ని యిండ్లు 1985లో ఆరంభమైన ఇందిరా ఆవాస పథకమువి; కొన్ని 2016లో దాని స్థానమున వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకమువి. 2020 డిసెంబరు 25 మొదలుకొని రాష్ట్ర ప్రభుత్వము గ్రామములలో కుటుంబమునకు సెంటున్నర చొప్పున నివేశన స్థలములను పంచినది. సెంటున్నర యనగా ఇంచుమించు 72 చదరపు గజములు. కేంద్ర పథకము క్రింద వంటచోటుతో కలిపి ఇంటికి కనీస వైశాల్యము 25 చదరపు మీటర్లు, అనగా సుమారు 270 చదరపు అడుగులు.

ఇల్లు చిన్నదే కావచ్చును. అయినను అది తమది. అయితే ఇట్టి కాలనీలు చాలచోట్ల ఊరికి ఎడముగా, నిన్నటి వరకు పొలముగానో మెట్టగానో ఉన్న నేలపై వెలయుచున్నవి. పాత వీధిలో తల్లి పనిలో ఉన్నప్పుడు బిడ్డను ఎత్తుకొనుటకు అత్తగారో, తోడికోడలో, ఇరుగుపొరుగు అవ్వయో ఉండెడివారు. క్రొత్త కాలనీలో ఆ చేతులు లేవు. తల్లి వంట చేయుచుండగా, తండ్రి చెరకు కోతకు వెళ్ళగా, బిడ్డను చూచువా రెవ్వరు? పంచాయతీ సభ్యులు మొట్టమొదట ఆలోచింపవలసిన ప్రశ్న యిదియే.

పిల్లవాని మనస్సు

గృహప్రవేశము పెద్దలకు పండుగ. మూడేండ్ల బిడ్డకు అది తన లోకము మారిపోవుట. నాయనమ్మ ప్రక్క లేదు, తెలిసిన అరుగు లేదు, రాత్రి లేచి చూచిన దీపము వేరొక చోటనున్నది. కనుక కొందరు పిల్లలు కొన్ని దినములు సరిగా తినరు. రాత్రివేళ ఉలికిపడి యేడ్తురు. మానివేసిన పక్క తడుపుట మరల మొదలిడుదురు. తల్లి కొంగు వదలరు. ఇది మొండితనము కాదు, గాలి సోకుటయు కాదు. బెదరింపు, దెబ్బ దీనికి మందులు కావు. తినువేళ, స్నానపువేళ, నిద్రవేళ పూర్వము వలెనే ఉంచవలెను. పాత చాప, పాత దుప్పటి, పాత ఆటబొమ్మ పాతవని పారవేయరాదు. క్రొత్త యింటిలో బిడ్డకు చుట్టము లవియే. వారమున కొకమారైనను పాత యింటికి తీసికొని పోవుటయు, నాయనమ్మనో అమ్మమ్మనో కొన్నాళ్లు వచ్చి యుండుమని కోరుటయు మేలు. నెలలు గడచినను బిడ్డ కుదుటపడక బరువు తగ్గినచో వైద్యునకు చూపవలెను.

ఇంటిలోని అపాయములు

క్రొత్త యిండ్లలో పనులు సగము మిగిలియుండగనే కాపురము పెట్టుట పరిపాటి. మూతలేని నీటి తొట్టి, మరుగుదొడ్డికై త్రవ్విన గొయ్యి, వ్రేలాడు విద్యుత్తు తీగ, మూలనున్న సున్నము, పిట్టగోడ లేని మేడ మెట్లు పసివానికి గండములు.

నీట మునిగి చనిపోవువారిలో 1 నుండి 4 ఏండ్ల పిల్లల ప్రమాణమే లోకమున మిక్కిలి హెచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దానికి చెరువే అక్కరలేదు. నిండు బకెట్టు చాలును. తలక్రిందులుగా పడిన పసివాడు లేవలేడు, కేక వేయలేడు. కావున తొట్టికి బిడ్డ ఎత్తలేని మూత, గోతిచుట్టు గట్టి కంచె, వాడిన వెంటనే బకెట్టు బోర్లించుట అను మూడింటిని ప్రతి గృహిణికిని తెలుపవలెను. బంగ్లాదేశములో తల్లులు పనిలోనుండు వేళ, ఉదయము 9 నుండి మధ్యాహ్నము 1 గంట వరకు, పిల్లలను ఒకచోట చేర్చి కనిపెట్టి యుండు శిశుగృహములను పల్లెలలో నడిపి, ఇట్టి మరణములను ఎంతయో తగ్గింపగలిగిరి. మన అంగన్‌వాడి కేంద్రము చదువునకు, ఆహారమునకే గాక ప్రాణరక్షణకు గూడ సాధనమని దీనివలన తెలియుచున్నది.

విద్యుత్తు తీగలను పిల్లల చేతి కందని యెత్తున గోడలోనికి పోనిచ్చి, ఇంటికి ఎర్తు తప్పక వేయింపవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ గలిగినంతనే ప్రవాహమును ఆపివేయు స్విచ్చి యొకటి పెట్టించినచో ఆ ఖర్చు వ్యర్థము కాదు. పొయ్యి నేలమీద గాక తిన్నెమీద నుండవలెను. గంజి, వేడినీరు అంచున పెట్టరాదు. రంగుల విషయము గూడ గమనింపవలెను. సీసము కలిసిన రంగు పెచ్చులు నోట పెట్టుకొను బిడ్డ బుద్ధి వికాసమునకు హాని కలుగును. ఇంటి రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములను మించరాదను నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. డబ్బాపై ఆ ముద్రణ చూచియే కొనవలెను.

నీరు, దోమ, పాము

2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన పథకము మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు కుళాయి ద్వారా అందవలెనని నిర్దేశించినది. కాలనీకి గొట్టము చేరువరకు ప్రజలు నుయ్యి, బోరు, ట్యాంకరులపై ఆధారపడుదురు. ఆ నీటికి క్లోరిను కలుపుట పంచాయతీ విధి. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. మరుగుదొడ్డి గోతికిని మంచినీటి నూతికిని కనీసము 10 మీటర్ల ఎడముండునట్లు చూడవలెను. ఆరునెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదు. ఆ తరువాత తల్లిపాలతో పాటు మెత్తని అన్నము, పప్పు, చోడి జావ మొదలిడవలెను. విరేచనములైనచో ఓఆర్‌ఎస్ పొట్లమును పొట్లముపై చెప్పిన కొలత నీటిలో కలిపి త్రాగించుచు, ఆరు నెలలు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాముల జింకును 14 దినములు ఇప్పింపవలెను. విరేచనములు తగ్గినవని మధ్యలో మానరాదు.

గోడలు తడుపుటకు నిలువచేసిన నీరు డెంగూ దోమకు పుట్టినిల్లు. గ్రుడ్డు దోమయగుటకు 7 నుండి 10 దినములు చాలును. కనుకనే వారమున కొకసారి, శుక్రవారమునాడు, తొట్లను ఖాళీచేసి తోమి ఆరబెట్టుడని ఆరోగ్య సిబ్బంది చెప్పుచున్నారు.

మెట్టనేలలో క్రొత్తగా వెలసిన యిండ్లకు పాము భయము కలదు. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. నొప్పి యుండదు, గాటు గూడ కనబడకపోవచ్చును; పిదప కడుపునొప్పి వచ్చి కనురెప్పలు వాలిపోవును. బిడ్డలను మంచముపై, పరుపు క్రిందికి చెక్కిన దోమతెరలో పరుండబెట్టవలెను. ఇటుకల కుప్పలను, కట్టెలను గోడకు ఆనించి యుంచరాదు. కాటుపడినచో కట్టు బిగించుట, గాటు కోయుట, మంత్రము వేయించుట అను కాలవ్యయము చేయక, కదలకుండ నుంచి 108 వాహనములో విషహరము గల ఆసుపత్రికి చేర్పవలెను.

2014 అక్టోబరు 12న విశాఖతీరమును తాకిన హుద్‌హుద్ తుపాను ఈ సీమవారికి మరపునకు రానిది. ఆరుబయటనున్న కాలనీకి గాలి తాకిడి హెచ్చు. ఏ పక్కా కట్టడమునకు చేరవలెనో ప్రతి కుటుంబమునకు ముందుగా తెలిసియుండవలెను.

తెగిపోవు పోగులు

ఇల్లు మారినప్పుడు కంటికి కనబడని నష్టము మరియొకటి కలదు. పాత ఊరి ఆశా కార్యకర్త పట్టికలో బిడ్డ పేరుండును. బిడ్డ అక్కడ ఉండదు. క్రొత్త చోట బిడ్డ యుండును, పేరుండదు. ఇట్టి సందులోనే టీకాలు తప్పిపోవును. పుట్టిన వెంటనే బి.సి.జి., పోలియో, హెపటైటిస్-బి. 6, 10, 14 వారములకు పెంటావాలెంటు. 9 నెలలు నిండగనే తట్టు-రుబెల్లా, మరల 16 నుండి 24 నెలల మధ్య రెండవ మోతాదు ఇప్పింపవలెను. తల్లీబిడ్డల రక్షణ కార్డును ఇంటిపట్టాతో సమానముగా భద్రపరచవలెను. ఒక మోతాదు తప్పినచో మొదటినుండి మరల వేయనక్కరలేదు. ఆగినచోటి నుండి కొనసాగింతురు.

బడియీడు పిల్లల విషయమున 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము స్పష్టముగా నున్నది. బదిలీ పత్రము రాలేదను కారణమున క్రొత్త బడి ప్రవేశమును నిరాకరింపరాదు, ఆలస్యము చేయరాదు. ఈ మాట తెలియక పిల్లలను నెలల తరబడి ఇంట నుంచు తల్లిదండ్రులకు సభ్యులే తెలియజెప్పవలెను.

అంగన్‌వాడి సేవలు 1975 అక్టోబరు 2న ఆరంభమైనవి. గ్రామములలో 400 నుండి 800 జనాభాకు ఒక కేంద్రము, 150 నుండి 400 వరకు చిన్న కేంద్రము ఉండవచ్చునని నియమము. అంతేకాదు, ఆరేండ్లలోపు పిల్లలు 40 మంది యుండియు కేంద్రము లేని ఆవాసము కోరినచో, కోరిన 3 మాసములలో కేంద్రము నెలకొల్పవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2006 డిసెంబరు 13న ఆదేశించినది. అడుగుటకు ముందు లెక్క కావలెను. లెక్క తీయువారు పంచాయతీ సభ్యులు గాక మరెవ్వరు?

సభ్యులు చేయదగినది

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు కలవు. గ్రామీణ గృహవసతి, త్రాగునీరు, ఆరోగ్య పారిశుద్ధ్యములు, స్త్రీ శిశు సంక్షేమము అందులోనివే. ఇల్లు ఒక శాఖది, నీరు మరియొక శాఖది, బిడ్డ వేరొక శాఖది యని కాగితములపై విడదీయవచ్చును. గ్రామములో మాత్రము అవన్నియు ఒకే గడప లోపల నున్నవి. వానిని కలుపగలది పంచాయతీ.

కావున ప్రతి వార్డు సభ్యుడును తన పరిధిలో క్రొత్తగా కాపురము వచ్చిన యింటికి ఒక నెలలోగా ఒక్కమారు పోవలెను. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడి కార్యకర్తను వెంట నుంచుకొనవలెను. ఆరేండ్లలోపు పిల్లలెందరు, టీకా కార్డున్నదా, అంగన్‌వాడిలో పేరు చేరినదా, బడికి పోవుచున్నారా, తొట్టికి మూత, గోతికి కంచె, ఇంటికి ఎర్తు కలవా, కుళాయి వచ్చినదా అని అడిగి ఒక పుస్తకమున వ్రాయవలెను. అడిగి తెలిసికొనుటకు గాని, వ్రాయుటకు గాని నిధులు అక్కరలేదు. ఆ పుస్తకమును తదుపరి గ్రామసభలో చదివినచో, ఏ కాలనీకి వీధిదీపము ముందు, ఏ కాలనీకి కాలువ ముందు, ఎచ్చట అంగన్‌వాడి కోరవలెను అను నిర్ణయములు వాదము లేకయే తేలును.

సెంటున్నర నేలలో పెరడునకు చోటు చాలదు. కాలనీలో పిల్లలు ఆడుకొనుటకు ఒక మూల నేలను ఆక్రమణ కాకుండ నిలుపుట, అందొక వేపమొక్క నాటుట పంచాయతీ వలన కాని పనులు కావు. మొక్క నీడనిచ్చుటకు కొన్ని యేండ్లు పట్టును. గోతికి కంచె వేయుట మాత్రము ఈ వారమే కావలసిన పని.