రికార్డు ఒకవైపు నిండా ఒకటే పాట

ప్రోగ్రెసివ్ రాక్ 1960ల చివర్లో ఇంగ్లండులో పుట్టింది. అప్పటిదాకా రాక్ అంటే మూడు నిమిషాల పాటలే. నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు వాటి కోసమే, రేడియోవాళ్ళు వేసేదీ అవే. 1967లో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ వచ్చాక పెద్ద రికార్డును, అంటే ఎల్పీని, మొదటి నుంచి చివరిదాకా వినాల్సిన ఒకే రచనగా చెయ్యొచ్చన్న సంగతి చాలామందికి తట్టింది. ఎల్పీకి ఒక్కో వైపు ఇరవై నిమిషాలు, ఇంకాస్త పడుతుంది. ఆ జాగాను ఏం చేసుకోవాలని తలలు బద్దలు కొట్టుకున్న కుర్రాళ్ళు శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపదం, చర్చి గానం దేన్నీ వదల్లేదు. ఈ సంగీతంలో తప్పకుండా వినాల్సినవని చెప్పే ఆల్బమ్‌లు చాలావరకు 1969 నుంచి 1975 మధ్యలోనే వచ్చాయి.

మొదట చెప్పుకోవాల్సింది కింగ్ క్రిమ్సన్ బృందం తొలి ఆల్బమ్ ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’. 1969 అక్టోబరులో విడుదలైంది. ఉన్నవి ఐదే పాటలు. మొదటిది వింటే చెవులు గింగిర్లెత్తుతాయి. గొంతును కావాలనే చీల్చినట్టు వినిపించారు. గిటారు, శాక్సోఫోను, డ్రమ్ములు ఒక్కసారిగా పరుగందుకుని ఒక్కసారిగానే ఠక్కున ఆగుతాయి. వెంటనే వచ్చే రెండో పాటలో మెత్తని వేణువు. ఆల్బమ్‌లో తర్వాత వెనకనుంచి కమ్ముకొచ్చే వయొలిన్ల హోరు మాత్రం వయొలిన్లది కాదు, మెలోట్రాన్‌ది. ఈ వాద్యంలో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. వయొలిన్లో, వేణువులో వాయించిన స్వరాన్ని దాని మీద ముందే రికార్డు చేసి పెడతారు. మెట్టు నొక్కితే టేపు కదిలి స్వరం పలుకుతుంది, ఎనిమిది సెకన్లకు అయిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. అందుకే వాయించేవాళ్ళు ఒకే స్వరం మీద ఎంతోసేపు నిలవలేరు. ఆ యంత్రం ఇబ్బందే ఈ సంగీతానికి ఓ ప్రత్యేకమైన నాదం తెచ్చిపెట్టింది. అట్ట మీద నోరు తెరిచి అరుస్తున్న ముఖాన్ని గీసినవాడు బ్యారీ గాడ్బర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆయన గీసిన ఆల్బమ్ అట్ట ఇదొక్కటే. మరుసటి ఏడాదే, 24 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఎల్పీ కొలతకు సరిగ్గా కుదిరిన రచన ఏదంటే యెస్ బృందం 1972లో తెచ్చిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పేరే చెప్పాలి. మొత్తం మూడే పాటలు. ఒకవైపంతా పద్దెనిమిది నిమిషాలకు పైగా సాగే టైటిల్ పాట, రెండోవైపు మిగిలిన రెండూ. గాయకుడు జాన్ ఆండర్సన్‌కు ప్రేరణ హెర్మన్ హెస్ నవల ‘సిద్ధార్థ’. పిట్టల కూతలతో, నీటి సవ్వడితో మొదలై, వాద్యాలన్నీ ఒకదానితో ఒకటి గొడవపడుతున్నట్టు సాగి, నడిమధ్యలో నెమ్మదిస్తుంది. తర్వాత చర్చి ఆర్గన్ ఒక్కసారిగా లేస్తుంది. ఇంత పొడుగు పాటను ఏకబిగిన వాయించలేదు. ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి, టేపును కోసి అతికించారు. అతుకులు ఎక్కడున్నాయో చెవికి తెలియవు. పని పూర్తికాగానే డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ బృందాన్ని వదిలి కింగ్ క్రిమ్సన్‌లో చేరిపోయాడు.

ఇదే యెస్ 1973లో హద్దు దాటింది. పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’లో శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం గురించి ఉన్న ఒక పాదసూచిక ఆండర్సన్ కంటపడింది. దాని ఆధారంగా రెండు ఎల్పీల ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ తయారైంది. నాలుగు వైపులు, నాలుగే పాటలు. వాటిలో మంచి ఘట్టాలు లేకపోలేదు గానీ సాగదీత ఎక్కువ. కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కే విసుగొచ్చి, మాంచెస్టర్ కచేరీలో వేదిక మీదే కూర తెప్పించుకు తిన్నాడు. ఆ తర్వాత బృందాన్నే వదిలేశాడు.

ఇలాంటి ఆర్భాటాన్ని ఎగతాళి చేయడానికి పుట్టిన ఆల్బమ్ కూడా ఉత్తమమైన వాటిలో ఒకటి కావడం తమాషా. జెథ్రో టల్ బృందం ఆల్బమ్ ‘ఆక్వాలంగ్’ను విమర్శకులు ఒకే ఇతివృత్తం చుట్టూ అల్లిన రచన అన్నారు. వేణువూదే నాయకుడు ఇయన్ ఆండర్సన్ అది కాదని ఎంత మొత్తుకున్నా వినలేదు. దాంతో ఆయన 1972లో ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ చేశాడు. రెండు వైపులా కలిపి ఒకే పాట. రాసింది ఎనిమిదేళ్ళ పిల్లవాడని కల్పించి, అట్టను పల్లెటూరి వార్తాపత్రికగా అచ్చువేశారు. రికార్డు తిప్పాలి కాబట్టి పాట మధ్యలో తెగక తప్పలేదు.

జెనెసిస్ బృందానిది మరో దారి. వేదిక మీద గాయకుడు పీటర్ గేబ్రియల్ వింత వేషాలు ఎక్కువగా ప్రచారమయ్యాయి గానీ, ఆ బృందం బలం స్వరరచనలో ఉంది. 1973 నాటి ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’లో ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ వింటే అది తెలిసిపోతుంది. పాట నడుమ గేబ్రియల్ వేణువు మీద ఒక చిన్న వరస పలుకుతుంది. కాసేపటికి అదే వరసను స్టీవ్ హాకెట్ గిటారు మీద అందుకుని, సాగదీసి, ఎక్కడికో తీసుకెళతాడు. వేగంగా వాయించడమే గొప్పనుకునే ఆ కాలంలో ఇంత నిదానం అరుదు.

వేగం సంగతికొస్తే ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందాన్ని తలచుకోవాలి. ‘బ్రెయిన్ సాలడ్ సర్జరీ’ (1973) వారి సత్తానూ, వారి అతినీ ఒకేసారి చూపిస్తుంది.

అమ్మకాల్లో అందరినీ మించినది పింక్ ఫ్లాయిడ్. 1973 మార్చిలో వచ్చిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’లో పాటల మధ్య ఖాళీ దాదాపు లేదు. కాలం, డబ్బు, చావు, పిచ్చి ఇందులోని విషయాలు. ‘మనీ’ పాట నాణేల గలగల, కాగితం చిరుగు, దుకాణం గల్లాపెట్టె చప్పుడుతో మొదలవుతుంది. ఇలాంటి ఏడు చప్పుళ్ళను రికార్డు చేసి, టేపు ముక్కలను కొలిచి కోసి, చుట్టుగా అతికించి తిప్పారు. పాట నడక కూడా ఏడు మాత్రలదే. మిశ్ర చాపుకు అలవాటుపడ్డ తెలుగు చెవికి ఇది కొత్త కాదు. మొదటివైపు చివర మాటల్లేకుండా గొంతెత్తి విలపించిన క్లేర్ టోరీకి ఆనాడు దక్కింది 30 పౌండ్లు. ఆమె 2004లో కోర్టుకెక్కాక, మరుసటి ఏడాది రాజీ కుదిరి, స్వరకర్తల్లో ఒకరిగా ఆమె పేరు చేరింది. ఈ ఆల్బమ్ 1988 వరకు అమెరికా అమ్మకాల పట్టికలో మొత్తం 741 వారాలు కనబడింది.

ఇంగ్లండు బయట ఇటలీ ఈ సంగీతాన్ని సొంతం చేసుకుంది. అక్కడి ప్రెమియాటా ఫోర్నేరియా మార్కోనీ బృందం 1972లో తెచ్చిన ‘స్టోరియా డి ఉన్ మినుటో’ ఇంగ్లిషువారి వాటికేమీ తీసిపోదు.

1974లో గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ తన బృందం కింగ్ క్రిమ్సన్‌ను ఆపేశాడు. ఆ వెంటనే వచ్చిన ‘రెడ్’ ఆ బృందం రికార్డుల్లో అత్యంత కర్కశమైనది, బహుశా అత్యుత్తమమైనది కూడా. 1975లో గేబ్రియల్ జెనెసిస్‌ను వదిలాడు. మరుసటి ఏడాదికల్లా పంక్ రాక్ కుర్రాళ్ళు మళ్ళీ మూడు నిమిషాల పాటలతో వచ్చిపడ్డారు.

ఇప్పుడు కొత్తగా వినేవారు ఫోన్‌లో షఫుల్ ఆపేసి, పాటలను వరస తప్పకుండా వినాలి. సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ పాత టేపుల నుంచి చేసిన రీమిక్స్‌లు దొరికితే ఇంకా మంచిది. క్రిమ్సన్ తొలి ఆల్బమ్‌ది 2009లో, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ది 2013లో వచ్చాయి. మొదలుపెట్టడానికి పింక్ ఫ్లాయిడ్ సులువు. ‘టేల్స్’ జోలికి మాత్రం చివర్లో వెళ్ళొచ్చు.