బల్లల మీద మిగిలిన బట్టలు

రువాండా రాజధాని కిగాలీకి దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో న్యామాత అనే ఊరుంది. అక్కడి కేథలిక్ ఆలయంలో ఇప్పుడు ఆరాధన జరగదు. 1994 నాటి మారణకాండలో హతులైన వారి స్మారక మ్యూజియంగా దాన్ని ఉంచేశారు. చెప్పులు బయట విడవాలేమోనని తటపటాయిస్తూనే మేము లోపలికి అడుగుపెట్టాం.

బల్లల మీద మనుషుల్లేరు, వాళ్ల బట్టలున్నాయి. పెద్దవాళ్లవి, పసిపిల్లలవి కలిసిపోయి, అన్నీ మట్టిరంగుకు తిరిగి కుప్పలుగా పడి ఉన్నాయి. రేకుల కప్పుకు తూటాల చిల్లులు. వాటిలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఆ బట్టల మీద పడుతోంది. బలిపీఠపు గుడ్డ మీద రక్తపు మరకలు ఇంకా కనిపిస్తున్నాయి. జపమాలలున్నాయి, గుర్తింపు కార్డులూ ఉన్నాయి. ఎవరు హుటూ, ఎవరు టుట్సీ అని బెల్జియం పాలకులు 1930లలో కార్డు మీద రాయించారు. దారికాసిన వాళ్లు అడిగింది ఆ కార్డే!

1994లో ఈస్టర్ ఏప్రిల్ 3న వచ్చింది. 6వ తేదీ రాత్రి దేశాధ్యక్షుడి విమానాన్ని కూల్చేశారు. 7 నుంచి టుట్సీల ఊచకోత మొదలైంది. చంపడానికి ఒప్పుకోని హుటూలనూ వదల్లేదు. సుమారు 100 రోజుల్లో 8 లక్షల మందికి పైగా చనిపోయారు. చంపిన వాళ్లది, చచ్చిన వాళ్లది ఒకే భాష. ఇరువైపులా ఎక్కువమంది క్రైస్తవులే. నాలుగు రోజుల ముందు పునరుత్థాన పండుగ చేసుకున్నవాళ్లే.

1992లో అల్లర్లు రేగినప్పుడు ఈ ఆలయంలో తలదాచుకున్నవారు బతికి బయటపడ్డారు. ఆ ధైర్యంతోనే 1994లోనూ వేలమంది ఇక్కడికే పరుగెత్తుకొచ్చారు. 1992 నాటి హత్యల సంగతి విదేశీ రేడియోలకు చెప్పినందుకు ప్రాణం పోగొట్టుకున్న ఇటలీ సేవకురాలు తోనియా లొకతెల్లి సమాధి ఆలయం పక్కనే ఉంది. వెనుక నేలమాళిగల్లో 45 వేలమందికి పైగా అవశేషాలున్నాయి. మెట్లు దిగినవాళ్లం ఎక్కువసేపు నిలబడలేకపోయాం.

కయీను హేబెలుల కథ (ఆది 4) మేము ఆదివారపు బడిలో ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఇద్దరూ దేవునికి అర్పణ తెచ్చినవాళ్లేననీ, ఆ హత్య ఆరాధన తర్వాతే జరిగిందనీ ఆ బల్లల మధ్య నిలబడేదాకా మాకు తట్టలేదు. 2017లో పోప్ ఫ్రాన్సిస్, గురువులతో సహా సంఘస్థులు చేసిన పాపాలకు దేవుని క్షమాపణ వేడుకున్నారు. ఆ మాట రావడానికి 23 ఏళ్లు పట్టింది.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఎవరూ పెదవి విప్పలేదు. చాలాసేపటికి మాలో ఒక పెద్దాయన తన ఊరి సంగతి ఎత్తారు. అక్కడ రెండు చర్చీలున్నాయట. ఒకే మిషను, ఒకే పాటల పుస్తకం, మధ్యలో రెండు వీధులు. ఎందుకు రెండని చిన్నప్పుడు అడిగితే వాళ్ల నాన్న జవాబుగా రెండు కులాల పేర్లు చెప్పారట. సమాధుల తోటలు కూడా వేరు. ఈస్టర్ తెల్లవారుజామున రెండు గుంపులూ కొవ్వొత్తులు పట్టుకుని ఎవరి తోటకు వాళ్లు వెళతారట, ఒకే పాట పాడుకుంటూ.