చెవి మిషన్: కనబడకపోవడమా, వినబడడమా?

గత సంవత్సరం ఒక ఉదయం మా మదరసాలో ఒక బాలుడు పాఠం అప్పగిస్తున్నాడు. నాలుక కొనను పళ్ల మధ్య ఉంచి పలకవలసిన ‘థా’ అక్షరాన్ని అతడు ‘సీన్’గా పలికాడు. మేము సరేనని తల ఊపాము. పక్కనున్న పెద్ద విద్యార్థి “హజ్రత్, తప్పు చదివాడు” అన్నాడు. ఆ మాట కూడా రెండవసారి చెబితే గాని మాకు వినబడలేదు.

ఇతరుల పఠనాన్ని సరిదిద్దే చెవి మా వద్ద ఉన్న అమానత్. తప్పుకు తల ఊపిన గురువు ఆ తప్పులో భాగస్వామి కాడా? ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కి చెన్నై వెళ్లాము. మొదట వెళ్లిన దుకాణంలో పరీక్ష ఏదీ చేయకుండానే, చెవి రంధ్రంలో పూర్తిగా ఇమిడిపోయే చిన్న యంత్రాన్ని చూపి “ఇది ఎవరికీ కనబడదు” అన్నారు. నిజం చెప్పాలంటే మా మనసు దానివైపే మొగ్గింది. నలుగురిలో ‘చెవిటి హజ్రత్’ అనిపించుకోవడం ఎవరికి ఇష్టం? అయినా కొనకుండా, ఒక ఆసుపత్రిలో ఆడియాలజిస్టును కలిశాము.

ఆయన గుమిలి ఉందేమో చూసి, ఆడియోగ్రామ్ తీశారు. మంద్ర ధ్వనుల వద్ద మా వినికిడి బాగానే ఉంది. తీవ్ర ధ్వనుల వద్ద గీత కిందికి జారిపోయింది. స, శ, థ, ఫ వంటి ధ్వనుల తేడాలు అక్కడే ఉంటాయి. మనిషి మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు. ఇలాంటివారికి రంధ్రాన్ని పూర్తిగా మూసే యంత్రం పెడితే సొంత గొంతు కుండలో మాట్లాడినట్లు మోగుతుంది. రోజంతా పఠించి వినిపించేవారికి అది నరకం. అందుచేత ఆయన చెవి వెనుక చిన్న యంత్రం, సన్నని తీగ, రంధ్రంలో గాలి ఆడే మెత్తని బుడిపె ఉండే రకాన్ని సూచించారు. మేము దానినే తీసుకున్నాము.

మా పెద్దమ్మగారి సంగతి వేరు. ఆమెకు వినికిడి చాలా తగ్గింది, వేళ్లలో కీళ్లనొప్పులు. చెవిలో ఇమిడే చిన్న యంత్రాలకు వాడే 10వ నంబరు బ్యాటరీ పప్పుగింజంత ఉంటుంది, ఆమె వేళ్లకు దొరకదు. ఆమెకు చెవి వెనుక అమర్చే పెద్ద యంత్రం, చెవి కొలతకు పోసిన అచ్చు సరిపోయాయి. దానికి శక్తి ఎక్కువ, బ్యాటరీ పెద్దది. అచ్చు వదులైనా, దుపట్టా మైకును గట్టిగా కప్పినా ఈల వేస్తుంది. కనుక బిగువు చూసుకోవాలి, ముసుగు కొంచెం వదులుగా కట్టుకోవాలి. అదీ పట్టుకోలేనివారికి జేబులో పెట్టుకునే పెద్ద మీటల మిషన్ ఉంది. అయితే బట్ట రాపిడి శబ్దం వినబడుతుంది. పిల్లలకు చెవి వెనుక రకమే తగినది. చెవి పెరిగే కొద్దీ అచ్చు మాత్రం మారిస్తే చాలు.

మన ఇళ్లలో అడిగే సందేహాలు కొన్ని ఉన్నాయి. వుజూకు, గుస్ల్‌కు ముందు యంత్రాన్ని తీయాలి. చెవి పూర్తిగా ఆరిన తరువాతే మళ్లీ పెట్టాలి. రోజుకు ఐదుసార్లు తీసి పెట్టవలసిన మనకు సులువుగా వచ్చే రకమే మేలు. యంత్రం పెట్టుకున్నంత మాత్రాన ఉపవాసానికి భంగం లేదు. పులికాట్ సరస్సు గాలి తేమగా ఉంటుంది గనుక రాత్రివేళ బ్యాటరీ మూత తెరిచి, యంత్రాన్ని సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచాలి.

ఖర్చుకు భయపడి ఆగవలసిన పని లేదు. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలతో సహా ఉపకరణాలను ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే ప్రారంభమైంది. అప్పుడు మన సూళ్లూరుపేట ఆ జిల్లాలోనే ఉండేది. 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి కేంద్రప్రభుత్వ ఏడిప్ పథకం ఉంది. హైదరాబాద్ బిడ్డ అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబైలో నెలకొన్న జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది.

సోదర సోదరీమణులారా! ముందు పరీక్ష, తరువాత వేళ్ల బలం, ఆపైన దినచర్య. వీటిని బట్టి రకాన్ని ఎంచుకోండి. కనబడదన్న మాటను చివరికి వదలండి. కొన్నాళ్లు పెట్టి చూసే వెసులుబాటు అడగండి. మొదటి వారాలలో గిన్నెల చప్పుడు కూడా కఠినంగా తోస్తుంది; ఓపిక పట్టాలి. చికిత్స చేయించుకోమని బోధించిన ధర్మం మనది. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

మా చెవి వెనుక యంత్రం అందరికీ కనబడుతూనే ఉంది. మొదటి రోజు పిల్లలు వింతగా చూశారు, రెండవ రోజు మరచిపోయారు. ఇప్పుడు ఆ బాలుడు ‘థా’ను తప్పు పలికితే, ఆపేది మేమే. అల్‌హమ్దులిల్లాహ్.